లెక్క తప్పిన కరెంటు

ఒక కుర్రాడి అరచేయి ఉప్పునీళ్లతో తడిసి ఉంది. ఆ తడి పిడికిట్లో ఒక రాగి తీగ. ఒంటికి ఇంకోచోట ఇత్తడి పలక ఆనించారు. కరెంటు తీగలోంచి వచ్చి, కుర్రాడి ఒంట్లోంచి నడిచి, ఆ పలక గుండా బయటికి పోవాలి. పక్కనే డాక్టరు ఉన్నాడు. మీటరు దగ్గర ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ ప్రాంగణం. 1940ల తొలినాళ్లు. స్విచ్ పడింది.

ఒక మిల్లీ ఆంపియర్. అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. వేళ్లు జివ్వుమన్నాయి. రెండు. మూడు. జివ్వుమనడం పోయి సలుపు మొదలైంది. ఆరు. మణికట్టు బిగుసుకుంది. వదిలెయ్యమన్నారు. వదిలాడు. మళ్లీ పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. ఎనిమిది. పది. ముంజేతి కండ చర్మం కింద ఉబికి వచ్చింది. నుదుటి మీద చెమట. పన్నెండు. ఈసారి కూడా వదిలాడు గానీ, ఒక్కో వేలూ బలవంతంగా తీసుకుంటూ వదిలాడు. మళ్లీ పట్టుకున్నాడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. వదిలెయ్యమన్నారు.

వేళ్లు విడిపోలేదు.

వదలమని మెదడు అరుస్తోంది, కానీ సెకనుకు అరవైసార్లు అటూ ఇటూ కొట్టుకునే ఆ కరెంటు చేతిని తెరిచే కండరాలనీ మూసే కండరాలనీ ఒకేసారి పట్టి లాగుతోంది, మూసేవాటికే బలం ఎక్కువ కాబట్టి పిడికిలి అంతకంతకీ బిగుస్తోంది, బిగిసేకొద్దీ తీగ అరచేతికి ఇంకా గట్టిగా ఆనుతోంది, ఆనేకొద్దీ కరెంటుకి దారి ఇంకా సులువవుతోంది. మన ఊళ్లలో ‘కరెంటు పట్టేసింది’ అంటారే, అది ఇదే. కరెంటు పట్టదు. మన చెయ్యే కరెంటుని పట్టుకుంటుంది, వదల్లేకపోతుంది.

స్విచ్ ఆపేశారు. చెయ్యి ఊడింది. కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు. డాల్జీల్ ఇలా 134 మంది మగవాళ్లని, 28 మంది ఆడవాళ్లని పరీక్షించాడు. మగవాళ్ల చెయ్యి సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర బిగుసుకుపోయింది. ఆడవాళ్లది పదిన్నర దగ్గరే. మన 230 వోల్టుల లైను మీద అరవై వాట్ల బల్బు తీసుకునే కరెంటులో పదహారో వంతు, మగవాడి చేతిని కట్టిపడేయడానికి చాలు. ప్రయోగశాలలో ఆపడానికి ఒక మనిషి మీటరు పక్కనే ఉన్నాడు. ఇంట్లో, బట్టలు ఉతుక్కునే చోట, పొలం గట్టు మీద ఎవరుంటారు?

ఫ్యూజు ఉంటుంది కదా అనుకుంది లోకం.

ఫ్యూజు నమ్మదగినదే. కానీ దాని కాపలా తీగకి. తీగ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే తీగ కాగుతుంది, పైతొడుగు కరుగుతుంది, గోడలో నిప్పు పుడుతుంది. అంతదాకా రాకముందే ఫ్యూజులోని సన్నతీగ కరిగి తెగుతుంది. 1924లో జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. లోపల రెండు కాపలాలున్న చిన్న బ్రేకరు తయారుచేసింది. లోడు మెల్లగా మితిమీరితే, రెండు లోహాలు అతికించిన పట్టీ వేడికి వంగి మీటని పడగొడుతుంది. ఫేజూ న్యూట్రలూ కలిసిపోయి కరెంటు ఒక్కసారిగా ఎగదన్నితే, తీగచుట్ట అయస్కాంతమై మీటని అప్పటికప్పుడే లాగేస్తుంది. ఇవాళ మన బోర్డుల్లో ఎంసీబీ అని పిలిచేది దాని సంతతే. గొప్ప పనితనం. ఎన్నో ఇళ్లు కాలిపోకుండా కాపాడింది. కానీ పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పదిహేను వేల మిల్లీ ఆంపియర్ల దాకా నోరు మెదపదు. మనిషి పిడికిలి బిగుసుకుపోయేది పదహారు దగ్గర. ఆ రెండు అంకెల మధ్య ఖాళీలోనే మనుషులు చచ్చిపోతున్నారు.

ఆ ఖాళీని పూడ్చే పెట్టె బర్కిలీలో పుట్టలేదు. భూమికి ఇంకో చివర, బంగారు గనుల కోసం పుట్టింది.

*

దక్షిణాఫ్రికా. 1955.

గనిలోకి దిగేకొద్దీ గాలి వేడెక్కుతుంది. రాయి వేడి. రాళ్లలోంచి ఊరే నీళ్లు వేడి. డ్రిల్లులకు కొట్టే నీళ్లు కాళ్ల కింద బురదవుతాయి. ఆ బురదలో, పదునైన రాళ్ల మీద, కేబుళ్లు. వాటిలో 525 వోల్టులు. తవ్వకం ముందుకి జరిగితే కేబుల్‌ని ఈడ్చుకెళ్లాలి. ఈడ్చే చేతులు తడి. నిలబడ్డ కాళ్లు తడి. ఒంటి నిండా చెమట. ఎక్కడో ఒకచోట రాయి కోసుకుని తొడుగు చిరుగుతుంది. లోపలి రాగి బయటపడుతుంది. నెత్తి మీద దీపం వెలుగులో ఆ చిరుగు కనపడదు.

అక్కడ ఫ్యూజులే కాదు, ఇంకో కాపలా కూడా ఉండేది. దాని పద్ధతి మన మేకల కాపరిది. పొద్దున దొడ్డి వాకిట్లో మేకల్ని లెక్కపెట్టి బయటికి తోలతాడు. సాయంత్రం అదే వాకిట్లో లెక్కపెట్టి లోపలికి తోలతాడు. ఒక్కటి తగ్గినా ఎక్కడో ఏదో అయిందన్నమాట. కరెంటుకి ఆ వాకిలి ఒక ఇనుప వలయం. లోడుకి వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ రెండూ ఆ వలయంలోంచే పోతాయి. ఎంత వెళ్లిందో అంతా తిరిగొస్తే రెండింటి అయస్కాంత బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, వలయంలో చలనం ఉండదు. కొంత కరెంటు చిరిగిన తొడుగులోంచో, మనిషి ఒంట్లోంచో నేలలోకి దారి మళ్లిందంటే తిరిగొచ్చేది తగ్గుతుంది. లెక్క తప్పుతుంది. వలయంలో అయస్కాంతం పుడుతుంది. అదే మీటని పడగొట్టాలి.

చిక్కంతా ఆ ‘పడగొట్టాలి’ దగ్గరే. కొద్దిపాటి తేడాకి పుట్టే అయస్కాంతానికి మీటని కదిలించే సత్తువ లేదు. అందుకే అప్పటి పరికరాలు సుమారు పది ఆంపియర్లు నేల పాలైతే గానీ కదిలేవి కావు. పది ఆంపియర్లంటే పది వేల మిల్లీ ఆంపియర్లు. యంత్రం కాలిపోకుండా అది చాలు. ఆ లోపు కేబుల్ పట్టుకున్న కూలీ సంగతి?

జోహన్నెస్‌బర్గ్ పక్కన ఆల్బర్టన్‌లో సి.జె. ఫుక్స్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ ఉండేది. అందులో ఇంజినీరు హెన్రీ రూబిన్. గనుల్లో షాకుల బెడద అతని బల్ల మీదకి వచ్చింది. 1955లో అతను కోల్డ్ కాథోడ్ గొట్టం అనే ఎలక్ట్రానిక్ గొట్టంతో ఒక పరికరం చేశాడు. 525 వోల్టుల లైను మీద పనిచేస్తుంది. 250 మిల్లీ ఆంపియర్ల తేడా కనపడితే చాలు, కట్ చేస్తుంది. పదివేల నుంచి రెండొందల యాభైకి. ఒక్క దెబ్బకి నలభై రెట్లు. కొన్ని గనుల్లో బిగించారు. నమ్మకంగా పనిచేసింది. అక్కడితో ఆగిపోయినా రూబిన్‌ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

అతను ఆగలేదు. ఎందుకంటే 250 మిల్లీ ఆంపియర్లు ఒంట్లో పారుతూ ఉంటే గుండె నిలవదు.

గుండె కండరాలన్నీ ఒక్క తాళం మీద ముడుచుకుని, ఒక్క తాళం మీద విప్పారితేనే నెత్తురు కదులుతుంది, ఆ తాళం వేసేది గుండె లోపలే పుట్టే అతి చిన్న విద్యుత్తు, బయటి కరెంటు వచ్చి ఆ తాళాన్ని చెడగొట్టిందంటే ఒక్కో కండ తన ఇష్టం వచ్చినట్టు వణకడం మొదలెడుతుంది, గుండె కదులుతూనే ఉంటుంది గానీ నెత్తురు మాత్రం ఒక్క చుక్క ముందుకి పోదు. డాక్టర్లు దాన్ని ఫిబ్రిలేషన్ అంటారు. కరెంటు వల్ల అది వస్తుందని 1899లోనే జెనీవాలో ప్రివో, బతెల్లీ అనే ఇద్దరు కుక్కల మీద చూపించారు. మొదలైతే గుండె తనంతట తాను తాళంలో పడటం దాదాపు అసాధ్యం. నిమిషాల్లో మెదడు చచ్చిపోతుంది.

డాల్జీల్ దీనికీ లెక్క కట్టాడు. జంతువుల మీద చేసిన ప్రయోగాల అంకెలు తీసుకుని మనిషికి అన్వయించాడు. యాభై కిలోల మనిషికి ఒక్క సెకను పాటు 116 మిల్లీ ఆంపియర్లు. అదే నాలుగు సెకన్లయితే 58 చాలు. ఆ గీత దాటితే గుండెకి ముప్పు. అంటే చంపేది కరెంటు ఒక్కటే కాదు. కరెంటూ, సమయమూ కలిసి చంపుతాయి. మనిషిని కాపాడాలంటే కొద్దిపాటి తేడానే పసిగట్టాలి. కన్ను మూసి తెరిచే లోపు కట్ చెయ్యాలి. రెండూ ఒకేసారి జరగాలి.

కష్టమంతా అక్కడే.

రేడియో గొట్టాలు వేడికి మాడిపోతాయి. ట్రాన్సిస్టర్లు అప్పుడే బజారులోకి వస్తున్నాయి. రూబిన్ వాటి గురించీ ఆలోచించాడు. ఎప్పుడు పనిచేస్తాయో, ఎప్పుడు చేతులెత్తేస్తాయో చెప్పలేని రోజులవి. మనిషి ప్రాణాన్ని వాటి చేతిలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. మళ్లీ ఇనుము దగ్గరికే వచ్చాడు. ఇనుమూ రాగిచుట్టలూ అయితే పాడయ్యేందుకు ఏమీ ఉండదు. ఇనుప గుండెకాయని ముందే కరెంటుతో ఊపుతూ, ఇంకొంచెం తోస్తే చాలు పొంగిపోయే అంచు మీద నిలబెట్టాడు. అంతా సమంగా ఉన్నంతసేపు ఊపు రెండు వైపులా ఒక్కటే. ఎక్కడో లెక్క తప్పి, రవ్వంత తేడా వచ్చి వలయాన్ని తాకిందా, ఊపు ఒక పక్కకి ఒరుగుతుంది. రెట్టింపు వేగంతో కొట్టుకునే కొత్త అల ఒకటి పుడుతుంది. అంతకుముందు లేని అల. దాన్ని పట్టుకుని మీటని పడగొట్టాలి. మాగ్నెటిక్ యాంప్లిఫైయర్ అన్నారు. నోటికి తేలిగ్గా ఉంటుందని మాగాంప్ అన్నారు.

1956 తొలి నెలలు. బల్ల మీద నమూనా సిద్ధం. 220 వోల్టులు, 60 ఆంపియర్లు. ఒక ఇంటికి సరిపడా. లోపల ఒక సర్దుబాటు ఉంది. ఎంత తేడాకి కట్ చెయ్యాలో దాంతో మార్చుకోవచ్చు. కొలిచారు. పన్నెండున్నర నుంచి పదిహేడున్నర మిల్లీ ఆంపియర్ల మధ్య.

బర్కిలీలో ఆ కుర్రాడి వేళ్లు విడిపోని అంకె గుర్తుందిగా. పదహారు.

అదే పెట్టెలో మామూలు బ్రేకరు కూడా పెట్టాడు రూబిన్. లోడు మితిమీరినా పడుతుంది, షార్ట్ సర్క్యూట్ అయినా పడుతుంది, మనిషికి షాక్ కొట్టినా పడుతుంది. న్యూట్రల్ తీగ తెగి వేలాడుతున్నా కూడా, సున్నితత్వం తగ్గినా, పనిచేసే ఏర్పాటు చేశాడు. న్యూట్రల్ ఊడిపోవడం ఎన్ని ఇళ్లకు నిప్పు పెడుతుందో లైన్‌మన్లకు తెలుసు. పేటెంటు తీసుకున్నారు. ఇక ఈ పెట్టె కావాలనేవాళ్లు ఎవరు? గనులకి 250 సరిపోతోంది. ఇళ్లకి ఫ్యూజు సరిపోతోందని అందరి నమ్మకం. పెట్టె సిద్ధంగా ఉంది. గిరాకీ లేదు.

ఒక చావు జరిగేదాకా.

*

జోహన్నెస్‌బర్గ్‌కి నైరుతిన స్టిల్‌ఫాంటైన్. బంగారం పడిందని 1949లో వెలిసిన ఊరు. గని వాళ్లు కట్టించిన ఇళ్లు. పీఠభూమి మీద చలికాలపు గాలి పొడిగా కోస్తుంది. వేసవి మధ్యాహ్నాలు మబ్బు కమ్ముకొచ్చి, ఉరిమి, వాన కుమ్మరించి పోతుంది. గనిలోకి దిగిన మనుషులు ప్రాణాలతో పైకి రావాలని ఇంట్లో వాళ్లు రోజూ కోరుకునే ఊరు.

అక్కడ ఒక ఇంట్లో ఒక మహిళ కరెంటు షాక్‌తో చనిపోయింది.

గనిలో కాదు. నేల కింద కాదు. ఇంట్లో. 525 వోల్టులు కూడా కాదు, ఇంటి కరెంటు. ఇలాంటి చావులో ఫ్యూజు ఎగిరిపోదు. మెరుపు రాదు, పొగ రాదు. 220 వోల్టుల తీగకీ నేలకీ మధ్య తడి ఒళ్లు చిక్కుకుంటే పారేది రెండొందల మిల్లీ ఆంపియర్ల చిల్లర. ఒక బల్బుకి సరిపడా కూడా కాదు. ఫ్యూజు లెక్కలో ఆ ఇంట్లో ఇంకో బల్బు వెలిగింది, అంతే. ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఎవరో వచ్చి చూసేదాకా ఏదో జరిగిందనే ఎవరికీ తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆల్బర్టన్ పెట్టె.

1957. స్టిల్‌ఫాంటైన్ గని ఇళ్లలో మీటరు బోర్డులు ఒక్కొక్కటే విప్పడం మొదలైంది. మెయిన్ ఆపు. తీగలు విప్పు. ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ కొత్త పెట్టెలోంచి తిప్పు. బిగించు. మెయిన్ వెయ్యి. 20 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయే పెట్టె. 1958 ముగిసేసరికి కొన్ని వందల ఇళ్లు. మనిషి ప్రాణాన్నే కొలబద్దగా పెట్టుకుని కరెంటుని కొలిచే పెట్టెలు ఒక ఊరి ఇళ్ల గోడలెక్కాయి. డాక్టర్ల చేతుల్లో కాదు, ఎలక్ట్రీషియన్ల చేతుల మీదుగా ఇంత మందికి ప్రాణరక్షణ దొరకడం చిన్న విషయం కాదు. రూబిన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఉండాలి.

ఇక బర్కిలీ. డాల్జీల్ ఇరవై ఏళ్లుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాడు. ఎంత కరెంటు మనిషిని చంపుతుందో లోకానికి చెప్పినవాడు, దాన్ని ఆపే పెట్టెని అమెరికా ఇళ్లకి ఇవ్వలేకపోతున్నాడు. 1961 నాటికి ట్రాన్సిస్టర్లు నిలకడగా పనిచేసే రోజులొచ్చాయి. రక్కర్ అనే కంపెనీతో కలిసి అతను ట్రాన్సిస్టర్ పెట్టె చేశాడు. చిన్నది. చవకది. 1965లో పేటెంటు వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా పెరళ్లలో ఈతకొలనులు లేస్తున్నాయి. నీటి అడుగున దీపాలు. చుట్టూ పిల్లలు. దీపం లోపల ఒక్క రబ్బరు వాషరు చీలితే నీళ్లన్నీ ఫేజే. 1968లో అమెరికా విద్యుత్ కోడ్ ఆ నీటి అడుగు దీపాలకు ఈ పెట్టె ఉండాల్సిందేనంది. 1975లో బాత్రూమ్ ప్లగ్గుల దాకా వచ్చింది. అక్కడ అది ఐదు మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతుంది. చెయ్యి బిగుసుకోకముందే. పుట్టినిల్లు దక్షిణాఫ్రికా 1974 అక్టోబరు నుంచి ఇళ్లకీ హోటళ్లకీ తప్పనిసరి చేసింది.

మన గోడల మీదకీ వచ్చింది. ఇక్కడ ఎక్కువగా 30 మిల్లీ ఆంపియర్లది. పెట్టె మీద ఆర్‌సీసీబీ అని ఉంటుంది. మన ఎలక్ట్రీషియన్లు పాత అలవాటుగా ఈఎల్‌సీబీ అంటారు. వచ్చిందైతే వచ్చింది. దాన్ని మనం ఏం చేస్తున్నాం?

*

ముసురు పట్టిన రాత్రి. గోడలు చెమ్మగిల్లాయి. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, కోస్తాలోనూ తెలంగాణలోనూ వానాకాలం వస్తే వీధికొకటి జరిగేదే. టప్ మని శబ్దం. ఇల్లంతా చీకటి. ఎంసీబీలన్నీ పైకే ఉన్నాయి. మెయిన్ పక్కనున్న పెద్ద మీట ఒక్కటే కిందికి పడింది. పైకి తోశారు. మళ్లీ పడింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ వెళ్లింది.

“అన్నా, పొద్దున్నుంచి నాలుగోసారి. ఊరికే పడిపోతోంది. పిల్లలు చీకట్లో కూచున్నారు.”

“చెమ్మ వల్ల సార్. వానాకాలం ఇంతే.”

“ఏదో ఒకటి చెయ్యి అన్నా.”

“బైపాస్ చేసేస్తా సార్. ఎండలొచ్చాక మళ్లీ కలుపుతా.”

రెండు తీగలు. రెండు స్క్రూలు. రెండు నిమిషాలు. ఇల్లు వెలిగింది. కాపలా ఇక లేదు. ఎండలొచ్చాయి. మళ్లీ కలపడం ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు బాత్రూమ్‌లోకి రండి. రెండు వేల వాట్ల గీజరు. దాదాపు తొమ్మిది ఆంపియర్లు తీసుకుంటుంది. నీళ్లు కాచే రాడ్డు పైగొట్టం లోలోపల తుప్పుపట్టి సన్నగా చీలింది. ఫేజు వచ్చి గీజరు ఒంటిని తాకింది. ఎర్తు తీగ ఉంది. ఎర్తు గుంట కూడా ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చారు. ఆ తర్వాత ఎవరూ దాంట్లో నీళ్లు పొయ్యలేదు. మట్టి ఎండింది. గుంట నిరోధం యాభై ఓములకు చేరిందనుకోండి. 230 వోల్టులకి నాలుగున్నర ఆంపియర్లు నేలలోకి పారతాయి. గీజరు తీసుకునే తొమ్మిదితో కలిపితే పదమూడు చిల్లర. బోర్డులో ఎంసీబీ పదహారు.

అది పడదు.

పడే కారణమే లేదు. దాని లెక్కలో అంతా సవ్యంగా ఉంది. తీగ వేడెక్కలేదు. గీజరు నీళ్లు కాస్తూనే ఉంది. గీజరు ఒళ్లూ, దానికి తగిలిన కుళాయీ మాత్రం ఫేజుతో నిలబడి ఉన్నాయి. తడి కాళ్లతో మనిషి లోపలికొస్తుంది. చేతిలో చెంబు. కుళాయి తిప్పడానికి చెయ్యి చాస్తుంది. ఒళ్లు తడిస్తే మన ఒంటి నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. రెండొందల ముప్పై మిల్లీ ఆంపియర్లు. డాల్జీల్ గీత ఒక్క సెకనుకి 116.

అదే బోర్డులో ఆర్‌సీసీబీని బైపాస్ చెయ్యకుండా వదిలి ఉంటే ఏం జరిగేదో చూడండి. రాడ్డు చీలి, గీజరు ఒంటికి ఫేజు తగిలిన ఆ క్షణమే నాలుగున్నర ఆంపియర్లు లెక్క తప్పాయి. అది 30 మిల్లీ ఆంపియర్లకు నూట యాభై రెట్లు. 150 మిల్లీ ఆంపియర్లకే సెకనులో ఇరవై ఐదో వంతులో పడిపోవాలని దాని ప్రమాణం. పడిపోయేది. ఇంట్లో అంతా నిద్రపోతున్నా, గీజరుని ఎవరూ ముట్టుకోకముందే, పడిపోయేది. పొద్దున లేచి చూస్తే కరెంటు లేదని విసుక్కునేవాళ్లు. ఆ విసుగు ఎంత అదృష్టమో!

ముసురు రాత్రి అది ‘ఊరికే’ పడలేదు. ఎక్కడో కరెంటు నేలలోకి కారుతోంది. గోడలో చెమ్మ పట్టిన జంక్షన్ కావచ్చు, అరిగిన మిక్సీ తీగ కావచ్చు, గీజరు రాడ్డే కావచ్చు. పెట్టె పని పెట్టె చేసింది. మనం దాని నోరు మూశాం. చెయ్యాల్సిన పని వేరే ఉంది. ప్లగ్గులన్నీ పీకేసి, ఎంసీబీలన్నీ దించి, పెద్ద మీట ఎక్కించి, ఒక్కొక్క ఎంసీబీనే పైకి వేసుకుంటూ, తర్వాత ఒక్కొక్క ప్లగ్గే పెట్టుకుంటూ రావాలి. ఏది వేస్తే పడిపోతుందో ఆ లైన్లోనే ఉంది రోగం. అరగంట పని. ఆ లైనొక్కటి ఆపేసుకుని మిగతా ఇల్లంతా వెలిగించుకోవచ్చు. బైపాస్ అనే మాట ఎత్తిన ఎలక్ట్రీషియన్‌ని ఇంకో మాట లేకుండా వెనక్కి పంపించాలి.

ఆర్‌సీసీబీని దేవుడని కూడా అనుకోకూడదు. ఒక చేత్తో ఫేజునీ ఇంకో చేత్తో న్యూట్రల్‌నీ పట్టుకుని, కాళ్ల కింద పొడి చెక్క ఉంటే, వెళ్లిన కరెంటంతా తిరిగొస్తూనే ఉంటుంది. లెక్క తప్పదు. అది పడదు. లోడు మితిమీరినా మామూలు ఆర్‌సీసీబీ పట్టించుకోదు. అందుకే ఎంసీబీ పక్కన అదీ, దాని పక్కన ఎంసీబీ. ఒకటి తీగకి, ఒకటి మనిషికి. ఎర్తు గుంట రెండింటికీ. పొలంలో స్టార్టరు డబ్బా ఇనుముదైతే, మడిలో నీళ్లుంటే, మోటారు వెయ్యడానికి చీకట్లో వెళ్లే చెయ్యి తడిదైతే, అక్కడ కూడా ఇదే లెక్క. మూడు ఫేజుల లైనుకి నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ దొరుకుతుంది. డబ్బాకి ఎర్తు లేకుండా, ఈ పెట్టె లేకుండా మోటారు నడుపుతున్న రైతు రోజుకి రెండుసార్లు ప్రాణాన్ని పణంగా పెడుతున్నాడు. తోటి రైతులకి ఈ మాట చెప్పండి.

చదవడం పక్కన పెట్టి మీ బోర్డు దగ్గరికి వెళ్లండి. మీటలన్నిటి కన్నా వెడల్పుగా ఉండే దాని మీద ‘టి’ అని రాసిన చిన్న బటన్ ఉందేమో చూడండి. లేకపోతే మీ ఇంట్లో ఆ కాపలా లేనట్టే, పెట్టించుకోండి. ఉంటే, కరెంటు ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కండి. లోపల అది కావాలనే కొద్దిగా లెక్క తప్పిస్తుంది. టప్ మని పడి, ఇంట్లో కరెంటు పోవాలి. పడితే మళ్లీ పైకి వెయ్యండి, నెలకోసారి ఇలాగే నొక్కి చూడండి. పడకపోయినా, కరెంటు పోకపోయినా అది పాడైందో, ఎవరో బైపాస్ చేశారో అయి ఉంటుంది. రేపటికి వాయిదా వెయ్యొద్దు, ఇవాళే మార్పించండి.